కనుమ నేర్పిన పాఠం: వెలోసియో జీవితం

హైదరాబాదు నగరానికి దక్షిణంగా, ఆరాంఘర్ దాటి గగన్‌పహాడ్ మీదుగా శంషాబాదు చేరే రహదారి దక్కను పీఠభూమి స్వభావాన్ని చక్కగా తెలియజేస్తుంది. సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న ఆ నేల చూపుకు చదునుగా తోచినా, సైకిలు తొక్కే కాళ్ళకు మాత్రం చదును కాదు. గండశిలల నడుమ అది లేస్తూ, దిగుతూ, మళ్ళీ లేస్తూ సాగిపోతుంది. 2008 మార్చిలో అక్కడ రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఆకాశంలో విమానాలూ, నేలమీద మోటారు వాహనాలూ పెరిగాయి. అయినా బడికి పోయే పిల్లవానికీ, పని ముగించుకొని ఇల్లు చేరే కార్మికునికీ సైకిలు నేటికీ తోడుగానే ఉన్నది. ఆ సైకిళ్ళలో ఎవరో వాడి విడిచిన పాత గేరు సైకిళ్ళు కూడా అక్కడక్కడ కనిపిస్తాయి.

అట్టి సైకిలు ఎత్తు ఎక్కే వేళ పెట్టే పేచీ తొక్కినవారికే తెలుసు. మీట తిప్పితే గేరు పడదు. పడినది నిలవదు. చైను ఒక పంటి నుండి మరొక పంటికి జారుతూ కటకటలాడుతుంది. కుర్రవాడు పౌరుషంతో పళ్ళు బిగించి మరింత బలంగా తొక్కుతాడు. చైను ఊడిపడుతుంది. చేతులకు నల్లని మడ్డి పూసుకొని దానిని ఎక్కించేటప్పుడు, ఈ గేర్లు లేకుండా ఉంటేనే సుఖమని అతనికి తోచడంలో వింత లేదు. కాని ఆ చిన్న మీట వెనుక ఒక మనిషి నాలుగు దశాబ్దాల తపస్సు ఉన్నది. ఆయన కూడా ఒకనాడు ఎత్తు ఎక్కలేక అలసినవాడే. చేతులకు మడ్డి పూసుకొని చైను మార్చినవాడే. ఆయన పేరు పాల్ ద వివీ. సైకిలు లోకం మాత్రం ఆయనను వెలోసియో అనే కలం పేరుతోనే ఎరుగును.

1853 ఏప్రిల్ 29వ తేదీన దక్షిణ ఫ్రాన్సులోని పెర్న్ అనే చిన్న ఊళ్ళో పాల్ ద వివీ జన్మించాడు. యుక్తవయసు వచ్చిన తరువాత పట్టువ్యాపారంలో ప్రవేశించి, సెంతెటియెన్ ప్రాంతంలో స్థిరపడ్డాడు. బొగ్గు గనులకు, ఆయుధాల తయారీకి, పట్టు రిబ్బన్ల నేతకు పేరుపడిన పట్టణమది. చుట్టూ కొండలు. వ్యాపారం సాగుతూ ఉండగా, ఆ బాటనే నడిచి ఉంటే ఆయన పేరు ఈనాడు ఎవరికీ తెలిసి ఉండేది కాదు.

1881లో, తన 28వ ఏట, ఆయన మొదటి సైకిలు కొన్నాడు. ఆ కాలపు సైకిలు నేటి సైకిలు వంటిది కాదు. ముందు చక్రం మనిషి భుజాలంత ఎత్తు, వెనుక చక్రం చిన్నది. పెడళ్ళు ముందు చక్రపు ఇరుసుకే బిగించి ఉండేవి. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే తిరుగుతుంది. వేగం కావాలంటే చక్రం పెద్దది కావాలి. చక్రం పెద్దదైతే ఎత్తు ఎక్కడం కష్టం, కిందపడితే ప్రమాదం. ఒక మిత్రుడు పందెం వేయగా ద వివీ ఆ బండిమీదనే 6 గంటల్లో 100 కిలోమీటర్ల దూరం తొక్కడానికి కొండదారి పట్టాడని ఆయన జీవితకథకులు చెబుతారు. ఆ ప్రయాణంతో కొండగాలి, స్వేచ్ఛ, దేహశ్రమలోని ఆనందం ఆయనను పట్టుకొని మరి విడువలేదు.

1885లో ఇంగ్లండులోని కొవెంట్రీ పట్టణంలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలు ఈ విద్య గతినే మార్చివేసింది. రెండు చక్రాలూ దాదాపు సమానం. పెడళ్ళు నడుమకు వచ్చాయి. పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రానికీ వెనుక చక్రపు పళ్ళచక్రానికీ చైను సంబంధం కలిపింది. ఇక వేగం చక్రపు ఎత్తుమీద గాక, రెండు పళ్ళచక్రాలలోని పళ్ళ లెక్కమీద ఆధారపడింది. లెక్కను మార్చగలిగితే బండి స్వభావాన్నే మార్చవచ్చునన్న మాట. ఈ సంగతిలోని లోతును పూర్తిగా గ్రహించినవారు ఆనాడు బహు కొద్దిమంది.

1887లో ద వివీ పట్టువ్యాపారాన్ని అమ్మివేసి, సెంతెటియెన్‌లో సైకిలు దుకాణం తెరిచాడు. కొవెంట్రీ నుండి బండ్లు తెప్పించి అమ్మేవాడు. ఆ సంవత్సరమే సైకిలు ప్రియుల కోసం ఒక పత్రిక స్థాపించాడు. అదే కొద్దికాలానికి ల సీక్లిస్ట్ అనే పేరుతో ప్రసిద్ధి పొందింది. వెలోసియో అనే కలం పేరు ఆ పుటలమీదనే వెలిగింది. మన దేశంలో 1874లో కందుకూరి వీరేశలింగం వివేకవర్ధని పత్రికను స్థాపించి, దానిని సంఘసంస్కరణకు పాఠశాలగా మలిచిన సంగతి తెలుగు పాఠకులకు విదితమే. వెలోసియో విషయం వేరైనా పద్ధతి అటువంటిదే. దుకాణం ఆయనకు జీవిక. పత్రిక ఆయనకు బడి. తాను చేసిన ప్రతి ప్రయాణాన్నీ, ప్రయత్నించిన ప్రతి యంత్రాన్నీ, దాని గుణదోషాలతో సహా పాఠకుల ముందు పెట్టేవాడు. 1889లో ఆయన స్వయంగా ల గొలువాజ్ అనే సైకిలును తయారుచేశాడు. దానికి ఒకే ఒక గేరు.

అప్పుడు జరిగింది ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన. సెంతెటియెన్ పట్టణం వెలుపల రిపబ్లిక్ కనుమ ఉన్నది. దాని శిఖరం 1161 మీటర్ల ఎత్తు. ఒకనాడు వెలోసియో చెమటోడుస్తూ ఆ కనుమ ఎక్కుతూ ఉండగా, వెనుకనుండి ఒక వ్యక్తి వచ్చి, పొగగొట్టం నోట పెట్టుకొని, తీరికగా ఆయనను దాటి వెళ్ళిపోయాడు. ఆ వ్యక్తి ఆయన పత్రిక పాఠకుడే కావడం మరొక విశేషం. సైకిలు విద్యలో నలుగురికీ గురువైనవాని అభిమానానికి అది దెబ్బ. మరొకడైతే మరునాటినుండి కాళ్ళ బలం పెంచే సాధన మొదలుపెట్టేవాడు. వెలోసియో అలా చేయలేదు. లోపం తన కాళ్ళలో ఉన్నదా, తన బండిలో ఉన్నదా అని తన్ను తాను ప్రశ్నించుకున్నాడు.

ఆయన ముందున్న చిక్కు నేటి విద్యార్థి లెక్కల నోటుపుస్తకంలో తేలిగ్గా చేయగలిగినదే. సైకిలు చక్రపు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు అనుకుందాం. ముందు 44, వెనుక 18 పళ్ళున్నప్పుడు పెడలు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 5.4 మీటర్లు పోతుంది. వెనుక 28 పళ్ళుంటే పోయేది 3.5 మీటర్లే. దూరం తగ్గుతుంది, కాని ఎత్తుమీద పెడలుపై పెట్టవలసిన బలం కూడా మూడింట రెండు వంతులకు దిగుతుంది. ముందు చక్రంలో పళ్ళు తగ్గించినా ఫలితం ఇదే. ఎత్తుకు తగిన లెక్క పెట్టుకుంటే చదునులో బండి నత్తనడక నడుస్తుంది. చదునుకు తగినది పెట్టుకుంటే కనుమ దగ్గర దిగి నడవవలసిందే. రెండూ కావాలంటే ఒక బండికి రెండు లెక్కలు ఉండాలి.

వెలోసియో మొదట పెడళ్ళ దగ్గర ఒకదాని ప్రక్కన ఒకటిగా రెండు పళ్ళచక్రాలు బిగించాడు. ఎత్తు వచ్చినప్పుడు బండి ఆపి, దిగి, చైనును చేత్తో ఎత్తి చిన్నచక్రం మీద వేయాలి. శిఖరం చేరిన తరువాత మళ్ళీ పెద్దదానిమీదికి మార్చాలి. ఇది మోటు పద్ధతే. కాని ఫలించింది. ఆపై ఎడమవైపు కూడా రెండు చక్రాలు అమర్చి నాలుగు గేర్లు సాధించాడు. ఎక్కడ కొత్త యంత్రం పుట్టినా తెప్పించి, దానిని కొండమీదికి తీసుకుపోయి పరీక్షించేవాడు. బల్లమీద బాగున్న యంత్రం బురదలో ఎలా ఉంటుంది, వానలో ఎలా ఉంటుంది, వందల కిలోమీటర్ల తరువాత ఎలా ఉంటుంది అన్నదే ఆయన ప్రశ్న. ఆయన ఉత్సాహం సెంతెటియెన్ పనివారికి అంటుకొన్నది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఆ పట్టణపు యంత్రశిల్పి జోవానీ పనెల్ రూపొందించిన షెమినో అనే సాధనం నేటి గేరు యంత్రానికి పూర్వీకులలో ఒకటి.

ఆ సాధనానికి ఫ్రెంచివారు పెట్టిన పేరు డెరైలర్. అనగా పట్టాలు తప్పించేది. రైలు పట్టాలు తప్పడం ప్రమాదం. కాని ఇక్కడ చైనును ఒక పళ్ళచక్రం నుండి తప్పించి, ప్రక్కచక్రం మీదికి క్షేమంగా చేర్చడమే దాని పని. అందుకు అది మూడు ధర్మాలు నెరవేర్చాలి. చైనును సరిగ్గా కావలసినంతే ప్రక్కకు నెట్టాలి. చిన్నచక్రం మీదికి పోయినప్పుడు మిగిలిపోయే వదులును లాగి పట్టాలి. చైను తిరుగుతూ ఉండగానే ఈ పని జరగాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా నేటి శంషాబాదు కుర్రవాని సైకిలు పెట్టే పేచీయే ఎదురవుతుంది.

యంత్రం కుదిరినంత మాత్రాన లోకం ఒప్పుకొనలేదు. పందెగాళ్ళకు, వారిని కీర్తించే పత్రికలకు గేరు అవమానంగా తోచింది. మగవాడు తన కండబలంతో కొండను జయించాలే గాని, యంత్రపు ఉపాయంతో కాదని వారి వాదం. 1902లో ఫ్రెంచి టూరింగ్ క్లబ్బు వారు కొండదారిలో ఒక పరీక్ష ఏర్పాటు చేశారు. ఎదువార్ ఫిషర్ అనే ప్రసిద్ధ పందెగాడు ఒకే గేరు గల సైకిలుమీద వచ్చాడు. మార్త్ ఎస్ అనే వనిత మూడు గేర్ల గొలువాజ్ మీద వచ్చింది. ఆమెయే నెగ్గింది. నిష్పక్షపాతంగా చూసేవారికి ఆ ఒక్క దినంతో వాదం ముగిసినట్లే.

కాని అహంకారం ఒక్క దినంలో ముగియదు. పందేల నిర్వాహకుడు, పత్రికాసంపాదకుడు అయిన ఆన్రీ దెగ్రాంజ్ ఆ ఫలితాన్ని ఎగతాళి చేశాడు. గేర్లు 45 ఏండ్లు దాటిన వృద్ధులకే తగునని వ్రాశాడు. అప్పటికి వెలోసియో వయసు 49. మరుసటి సంవత్సరం, 1903లో, దెగ్రాంజ్ టూర్ ద ఫ్రాన్సు పందెం ప్రారంభించాడు. వింత ఏమంటే, ఆ మొదటి పందెపు దారి వెలోసియోకు పాఠం నేర్పిన రిపబ్లిక్ కనుమ మీదుగానే పోయింది. గేరు సాధనాలకు అందులో చోటు లేదు. తరువాతి కాలంలో పందెగాళ్ళు వెనుక చక్రానికి రెండు ప్రక్కల రెండు పళ్ళచక్రాలు బిగించుకొని, ఎత్తు మొదలయ్యే చోట బండి దిగి, చక్రం ఊడదీసి, తిప్పి పెట్టుకొనేవారు. ఎండకు, వానకు, మంచుకు ఓర్చి సంవత్సరాల తరబడి వారు ఈ పని చేశారు. దానికి పౌరుషమని పేరు.

వెలోసియో ఎదురుదూషణకు దిగలేదు. ఆయన వాదన అంతా ఆయన ప్రయాణాలలోనే ఉన్నది. నడివయసు దాటిన తరువాత కూడా రాత్రంతా తొక్కి తెల్లవారేసరికి దక్షిణదేశపు ఎండలోకి ప్రవేశించేవాడు. ఏటా ఈస్టరు పండుగకు శిష్యులను వెంటబెట్టుకొని ప్రొవాన్సు సీమకు యాత్ర సాగించేవాడు. ఆయన చుట్టూ చేరినవారిని సెంతెటియెన్ బడి అని పిలిచేవారు. పరీక్షలు లేని బడి అది. అక్కడ అధ్యాపకుడు అందరికంటె ముందు తొక్కి చూపేవాడు.

ఆయన శాకాహారి. మద్యమాంసాలనూ పొగాకునూ ప్రయాణంలోనైనా విడువమని శిష్యులకు బోధించాడు. ఎస్పెరాంటో అనే విశ్వభాషను ఆదరించాడు. ప్రాచీన గ్రంథాల పఠనం ఆయనకు నిత్యకృత్యం. యాత్రికుల కోసం ఆయన ఏర్పరచిన ఏడు నియమాలు నేటికీ సైకిలు యాత్రికులు నెమరువేసుకుంటారు. విశ్రాంతి తక్కువసార్లు, తక్కువసేపు తీసుకోవాలి. ఆకలి వేయకముందే తినాలి, దప్పిక కాకముందే త్రాగాలి. తిండీ నిద్రా సహించనంత అలసట తెచ్చుకోరాదు. చలి తగలకముందే కప్పుకోవాలి, ఉక్క పుట్టకముందే విప్పాలి. మద్యమాంసాల నిషేధం అయిదవది. బలవంతం చేయరాదన్నది, ముఖ్యంగా కొత్త ఉత్సాహం పొంగే మొదటి గంటల్లో చేయరాదన్నది ఆరవది. డంబం కోసం పెడలు తొక్కరాదన్నది చివరిది. గేరు మీద ఆయన జీవితాంతం చేసిన కృషికి ఈ చివరి రెండు నియమాలే తాత్పర్యం.

తెలుగుదేశంలో సైకిలు గౌరవం వేరొక విధంగా పెరిగింది. ఉపాధ్యాయులు, తపాలా బంట్రోతులు, పాలవాళ్ళు, గ్రామసేవకులు ఒకే గేరు గల బరువైన సైకిళ్ళమీద తరాల తరబడి బ్రతుకు సాగించారు. పార్లమెంటు సభ్యుడై ఉండి సైకిలుమీదనే పార్లమెంటుకు వెళ్ళిన పుచ్చలపల్లి సుందరయ్యను ప్రజలు నేటికీ తలచుకుంటారు. ఆయనకు కూడా సైకిలు ప్రదర్శన కోసం కాదు, పని కోసమే. వెలోసియో చెప్పిన ఏడవ నియమాన్ని ఆ నియమం పేరు వినకుండానే పాటించినవారు ఇక్కడ ఎందరో.

1930లో, తన 76వ ఏట, వెలోసియో సెంతెటియెన్ వీధిలో సైకిలును చేత్తో నడిపించుకొంటూ పోతూ ఉండగా ట్రాముబండి తగిలి మరణించాడు. కొండల్లో రాత్రింబవళ్ళు తిరిగిన మనిషి నడిబజారులో నేలకొరిగాడు. టూర్ ద ఫ్రాన్సు పందెంలో డెరైలరుకు అనుమతి లభించింది 1937లో. అనగా ఆయన పోయిన ఏడు సంవత్సరాలకు. ఆ దినం చూడడానికి ఆయన లేడు. కాని ఆయన బ్రతికి ఉండగానే, 1922 నుండి, ఆయన గౌరవార్థం ఆ కనుమమీదికి సైకిలు యాత్ర జరగసాగింది. ఆయన్ను ఒకనాడు ఒక పాఠకుడు దాటిపోయిన ఆ ఎత్తునే ఎందరో పాఠకులు ఆయన పేరు తలచుకొని ఎక్కారు. కనుమ మీద ఆయన స్మారక శిల నిలిచి ఉన్నది.

ఇక శంషాబాదు దారిలో ఆగిన పాత సైకిలు సంగతి. వెలోసియో పద్ధతిలో చూస్తే దాని రోగనిర్ణయం కష్టం కాదు. సులభమైన కారణం నుండి కఠినమైన కారణానికి వరుసగా పోవాలి. మొదట దుమ్ము. చైనునూ పళ్ళనూ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, ఆరిన తరువాత పలుచగా నూనె వేయాలి. సగం పేచీ అక్కడే తీరడం కద్దు. రెండవది తీగ. మీటనుండి డెరైలరు వరకు పోయే తీగ నాళంలో తుప్పుపట్టినా, నూలుపోగుల వలె చీలినా గేరు ఆలస్యంగా పడుతుంది. అట్టి తీగను మార్చడమే మేలు. వెనుక పెద్దచక్రం మీదికి చైను ఎక్కనని మొరాయిస్తే తీగ వదులైనదన్న మాట. తీగ చివర ఉండే బిగింపు గొట్టాన్ని అరచుట్టు చొప్పున విప్పుతూ పరీక్షించాలి. 1980ల మధ్య నుండి మీటలో గంట్లు ఉండి, టక్కుమని ఒక్కొక్క గేరు పడే పద్ధతి వ్యాపించింది. అంతకు పూర్వపు సైకిళ్ళలో మీట కేవలం రాపిడితో నిలుస్తుంది. గేరు తనంతట తాను జారిపోతూ ఉంటే మీట మధ్యనున్న మర బిగిస్తే చాలు.

మూడవది చైను అరుగుదల. కొత్త చైనులో ఒక పిన్ను మధ్యనుండి లెక్కిస్తే 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉంటుంది. పిల్లల స్కేలు పెట్టి చూడవచ్చు. అంగుళంలో 16వ వంతు దాటి జరిగితే చైను మార్చాలి. 8వ వంతు జరిగితే పళ్ళచక్రాలు కూడా అరిగినట్లే. అరిగిన పళ్ళమీద కొత్త చైను నిలవక జారుతుంది. నాలుగవది వంపు. సైకిలు ఎప్పుడైనా కుడివైపు పడి ఉంటే డెరైలరు తగిలించిన కొక్కెం వంగుతుంది. వెనుక నిలబడి చూస్తే డెరైలరులోని చిన్నచక్రాలు పైనున్న పళ్ళచక్రంతో ఒకే వరుసలో కనిపించాలి. వరుస తప్పితే దానిని సరిచేయడం అనుభవజ్ఞుడైన మేస్త్రీ పని. డెరైలరు మీది రెండు చిన్న మరలు చైను హద్దు దాటి ఊచల్లోకో, చట్రంవైపుకో పడకుండా కాపాడే కాపలాదారులు. చాలామంది మొదట వాటినే తిప్పి, చిన్న చిక్కును పెద్దది చేసుకుంటారు. అన్నీ చూసిన తరువాతనే వాటి జోలికి పోవాలి.

చివరిది యంత్రంలో లేదు, తొక్కేవానిలో ఉన్నది. ఎత్తు సగం ఎక్కి, కాళ్ళు బిగుసుకున్న తరువాత బలమంతా పెడలుమీద పెట్టి గేరు మార్చబోతే ఎంత మంచి డెరైలరైనా మూలుగుతుంది. ఎత్తు కనబడగానే, కాళ్ళు ఇంకా తేలికగా తిరుగుతూ ఉండగానే, ఒక క్షణం ఒత్తిడి తగ్గించి మీట తిప్పాలి. ఆకలికి ముందే తినమన్న బుద్ధి ఇక్కడా వర్తిస్తుంది.

శంషాబాదును తాకుతూ పోయే బాహ్యవలయ రహదారి వెంట, నార్సింగి ప్రాంతంలో, సౌరఫలకాలే కప్పుగా 23 కిలోమీటర్ల సైకిలు బాటను 2023 అక్టోబరులో ప్రారంభించారు. మెరిసే కొత్త సైకిళ్ళకు అటువంటి బాటలు దొరికాయి. పాత సైకిలు బడిపిల్లవానికి గగన్‌పహాడ్ దారియే బాట. ఎత్తు దగ్గర చిన్న గేరుకు దిగిన పిల్లవానిని చూసి తోటివారు నవ్వవచ్చు. 49 ఏండ్ల వెలోసియోను చూసి దేశమంతటికీ తెలిసిన పత్రికాసంపాదకుడే నవ్వాడు. వెలోసియో ఆ నవ్వుకు జవాబు వెతుకుతూ ఆగలేదు. గేరు మార్చుకొని, కనుమ ఎక్కుతూ పోయాడు.